గుంటూరులో కొత్త లగ్జరీ ఫ్లాట్ చూస్తున్నారా? టోకెన్ ఇచ్చే ముందు ఇది చదవండి

ఇన్నర్ రింగ్ రోడ్డు వైపు, గోరంట్ల, అమరావతి రోడ్డు వైపు కొత్తగా లేస్తున్న అపార్ట్‌మెంట్లలో ఫ్లాట్ చూస్తున్నవాళ్ల కోసం ఇది రాస్తున్నాను. బిల్డర్ పేరు రాయడం లేదు. వ్యవహారం ఇంకా తేలలేదు, పైగా ఇవే మాటలు వేరే రెండు మూడు సైట్ల దగ్గర కూడా విన్నాం. విజయవాడలో కానూరు, పోరంకి వైపు చూస్తున్న బంధువులు కూడా అచ్చం ఇలాగే చెప్తున్నారు.

మేం బ్రాడీపేటలో అద్దెకుంటున్నాం. ఓనరు గారు పాత డాబా ఇల్లు డెవలప్‌మెంట్‌కి ఇచ్చేశారు, ఖాళీ చేయమన్నారు. ఆయన్ని తప్పు పట్టను, పిల్లలు బయట దేశంలో ఉన్నారు, ఈ వయసులో ఆ ఇల్లు ఆయన చూసుకోలేరు. కానీ పక్క లైన్లో అదే సైజు పోర్షన్ అడిగితే మేం కడుతున్న 14 వేలు కాస్తా 24 వేలు అన్నారు. ఆ అద్దె కట్టే బదులు ఈఎంఐ కడదామని అందరికీ వచ్చే ఆలోచనే మాకూ వచ్చింది.

సైట్ ఆఫీసు చూస్తే స్టార్ హోటల్లా ఉంది. ఏసీ, బాదం పాలు, గోడ నిండా క్లబ్ హౌస్ బొమ్మలు. ట్రిపుల్ బెడ్‌రూమ్, 1,650 చదరపు అడుగులు, తూర్పు ముఖం, అడుగు 5,200. అంటే 85 లక్షల 80 వేలు. "అమరావతి పనులు మళ్లీ మొదలయ్యాయి సార్, వచ్చే నెల ఈ రేటు ఉండదు" అని సేల్స్ అబ్బాయి మొదటి పది నిమిషాల్లోనే నాలుగుసార్లు అన్నాడు. ఈ మాట మన ఊళ్లో కొత్త కాదు కదా. 2014లో రాజధాని అనగానే ఇదే అన్నారు, 2019 డిసెంబరులో మూడు రాజధానుల మాట రాగానే అన్నవాళ్లే ఫోన్లు ఎత్తడం మానేశారు, 2025 మే 2న ప్రధాని వచ్చి పనులు మళ్లీ ప్రారంభించాక ఇప్పుడు మళ్లీ అదే పాట. రాజధాని కట్టుకోవాల్సిందే, అందులో వాదన లేదు. కానీ దాని పేరు చెప్పి ఈ రోజే చెక్కు రాయమనేవాణ్ణి మాత్రం నమ్మొద్దు.

మోడల్ ఫ్లాట్ గురించి చెప్పాలి. మా బావగారు సివిల్ కాంట్రాక్టుల్లో పనిచేసిన మనిషి, టేపు జేబులోనే ఉంటుంది. అద్దాలు, లైట్లు, ఫాల్స్ సీలింగ్‌తో మాస్టర్ బెడ్‌రూమ్ హాల్ అంత కనిపించింది. ఆయన టేపు తీసి మంచం కొలిచారు. పొడవు అయిదున్నర అడుగులు. మామూలు మంచం ఆరుంపావు, ఆరున్నర ఉంటుంది. దాని మీద పడుకుంటే ఆయన పాదాలు బయటికొచ్చాయి. "డిజైనర్ కాట్ సార్" అన్నాడు అబ్బాయి. బీరువా లోతు 14 అంగుళాలు, చొక్కా హ్యాంగర్‌కి తగిలించి పెడితే తలుపు పడదు. గదుల మధ్య తలుపులు అసలు బిగించలేదు. మన ఇంట్లో ఉన్న మంచం, బీరువా కొలతలు రాసుకుని వెళ్లి, నేల మీద సుద్దముక్కతో గీసి చూసుకుంటే ఆ గది అసలు సైజు తెలుస్తుంది. వాళ్లు వింతగా చూస్తారు, చూడనివ్వండి.

ఈ 1,650లో మనం నడిచే చోటు ఎంత అని అడిగితే అబ్బాయికి తెలియదు, మేనేజరు వచ్చాడు. 1,650 సూపర్ బిల్టప్ అట, కార్పెట్ ఏరియా 1,180. లిఫ్టు, మెట్లు, కారిడార్, క్లబ్ హౌస్ వాటా అన్నీ మన లెక్కలో వేశారు. 2016 రెరా చట్టం (రియల్ ఎస్టేట్‌ని నియంత్రించే చట్టం) ప్రకారం కార్పెట్ ఏరియా స్పష్టంగా చెప్పాలి: లోపలి గోడలతో కలిపి గదుల్లో వాడుకునే స్థలం, బయటి గోడలు, బాల్కనీ, షాఫ్టులు అందులోకి రావు. 85 లక్షల 80 వేలని 1,180తో భాగిస్తే అడుగు 7,270 దాటింది. అసలు రేటు అదీ. రెండు ప్రాజెక్టులు పోల్చేటప్పుడు ఈ లెక్కే చూడండి, లేకపోతే రేటు తక్కువ చెప్పి అడుగులు ఎక్కువ చూపించేవాడే చవగ్గా కనిపిస్తాడు.

ఆ తర్వాత మేనేజరు కాగితం వెనక్కి తిప్పి పెన్నుతో రాయడం మొదలుపెట్టాడు. కారు పార్కింగ్ 4 లక్షలు, అమెనిటీస్ 5 లక్షలు, తూర్పు ముఖానికి అడుగుకి 100 చొప్పున లక్షా 65 వేలు. అక్కడికి 96 లక్షల 45 వేలు. దాని మీద 5 శాతం జీఎస్టీ, ఇంకో 99 వేలు కార్పస్ ఫండ్ (బిల్డింగ్ నిర్వహణకి దాచే నిధి), చివర్లో స్టాంప్ డ్యూటీ 5, ట్రాన్స్‌ఫర్ డ్యూటీ ఒకటిన్నర, రిజిస్ట్రేషన్ ఫీజు 1 కలిపి 7.5 శాతం. మొత్తం కోటీ తొమ్మిదిన్నర లక్షల దాకా తేలింది. గుమ్మంలో అడుగు పెట్టినప్పుడు 86, బయటికొచ్చేటప్పుడు 109. ఇంటీరియర్ పని ఇంకా మొదలే కాలేదు. పార్కింగ్ విషయంలో ఒకటి గుర్తుంచుకోండి, పైకప్పు లేని ఓపెన్ పార్కింగ్ చట్టం ప్రకారం ఉమ్మడి స్థలం, దాన్ని విడిగా అమ్మడానికి లేదు.

నేను ప్రైవేటు ఉద్యోగిని, మా ఆవిడ టీచరు. 75 లక్షల లోను 20 ఏళ్లకి ఎనిమిదిన్నర శాతం వడ్డీతో తీసుకుంటే ఈఎంఐ 65 వేలు. ఇద్దరు సంపాదిస్తున్న ఇంట్లోనే ఇది గొంతు దాకా వస్తుంటే, ఒక్క జీతం మీద బతికే గుంటూరువాళ్లు ఈ క్లబ్ హౌసుల్లోకి ఎలా వెళ్తారో నాకు అర్థం కాదు. 45 లక్షల లోపు, 90 చదరపు మీటర్ల లోపు కార్పెట్ ఉన్న ఇంటికి జీఎస్టీ 1 శాతమే. మేం చూసిన కొత్త ప్రాజెక్టుల్లో ఆ ధరకి డబుల్ బెడ్‌రూమ్ కూడా ఒక్కటీ కనబడలేదు. కొంటున్నవాళ్లలో ఎక్కువమంది ఉండటానికి కొనడం లేదు, సాయంత్రం పూట ఆ పూర్తయిన బ్లాకులు చూడండి, ఎన్ని కిటికీల్లో లైట్లు వెలుగుతాయో.

అసలు మెలిక లోను దగ్గర వచ్చింది. 60 లక్షలకే డాక్యుమెంట్ రాస్తాం, మిగతాది నగదు ఇవ్వండి, రిజిస్ట్రేషన్ ఖర్చు, జీఎస్టీ కలిసొస్తాయి అని మనకేదో మేలు చేస్తున్నట్టు చెప్పారు. బ్యాంకు ఇచ్చేది కాగితం మీద ఉన్న 60 లక్షల మీదే. ఈ శ్లాబులో 80 శాతానికి మించి ఇవ్వరు, అంటే 48 లక్షలు. రిజిస్ట్రేషన్ ఖర్చుల్ని బ్యాంకు ఇంటి ధరలో కలపదు. అప్పుడు మార్జిన్, అంటే లోను పోను మనం కట్టేది, 12 లక్షలు, నగదు 36 లక్షల 45 వేలు, వెరసి 48 లక్షల పైన చేతిలోంచి తీయాలి. పొలం అమ్ముకున్నవాడో, అమెరికా నుంచి పంపించేవాడో తప్ప జీతగాడు ఎక్కడ తెస్తాడు? స్థిరాస్తి లావాదేవీలో 20 వేలు, ఆపైన నగదుగా తీసుకోవడం ఆదాయపు పన్ను చట్టానికి విరుద్ధం. రేపు ఇల్లు ఆలస్యమై డబ్బు వడ్డీతో వెనక్కి అడగాల్సి వస్తే రెరా ముందు చూపించడానికి ఆ 36 లక్షలకి రసీదు ఉండదు.

మొత్తం వైట్‌లోనే కొంటాం అని గట్టిగా చెప్పి, బ్యాంకు ద్వారా 2 లక్షలు బుకింగ్ కట్టి, కాగితాలు అడిగాం. అగ్రిమెంట్ డ్రాఫ్టు వచ్చింది. నోటితో 45 గజాలు అన్న యూడీఎస్, అంటే స్థలంలో మన అవిభాజ్య వాటా, అందులో 32 గజాలే ఉంది. రేపు ముప్పై ఏళ్లకి బిల్డింగ్ పాతబడ్డాక మనకి మిగిలేది ఆ గజాలే కాబట్టి ఇది చిన్న విషయం కాదు. అడిగితే "టైపింగ్ మిస్టేక్" అన్నారు. సరిచేసిన డ్రాఫ్టు మాత్రం రాలేదు.

ఇక ఈసీ, అంటే ఆస్తి మీద రిజిస్టరైన అమ్మకాలు, తనఖాలు చూపించే ఎన్‌కంబ్రెన్స్ సర్టిఫికెట్. స్థలం సర్వే నంబరు మీద ఎన్‌కంబ్రెన్స్ తీయిస్తే కార్పొరేషన్ కమిషనర్ పేరున ఒక మార్ట్‌గేజ్ డీడ్ కనిపించింది. ఇది మామూలే, ప్లాన్ ఇచ్చేటప్పుడు కట్టే విస్తీర్ణంలో కొంత భాగం తనఖా పెట్టించుకుంటారు, ప్లాన్ ప్రకారం కట్టి ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ (ఓసీ) తెచ్చుకున్నాక విడుదల చేస్తారు. సర్టిఫైడ్ కాపీ తెప్పించి షెడ్యూల్ చదివితే మాకు బుక్ చేసిన ఫ్లాట్ నంబర్ అందులో ఉంది! తనఖాలో ఉన్న ఫ్లాటుని, ఆ సంగతి ఎక్కడా చెప్పకుండా, ఈస్ట్ ఫేసింగ్ ప్రీమియం కూడా వేసి అమ్ముతున్నారు. "అది ఫార్మాలిటీ సార్, ఓసీ రాగానే రిలీజ్ అయిపోతుంది" అన్నాడు మేనేజరు. కానీ పైన ప్లాన్‌లో లేని పెంట్‌హౌస్ స్లాబ్ అప్పటికే పోసి ఉంది. ఓసీకి చిక్కొస్తే ముందు ఇరుక్కునేవి ఈ తనఖా ఫ్లాట్లే.

రెరా నంబర్ ఉంది కదా అని ధీమా పడొద్దు, మా ప్రాజెక్టుకీ ఉంది. నంబర్ ఉండటం వల్ల లాభమేంటంటే ఏపీ రెరా సైట్‌లో ప్లాన్లు, డాక్యుమెంట్లు చూసుకోవచ్చు, ఫిర్యాదు చేయడానికి ఒక చోటు ఉంటుంది. రిజిస్టర్డ్ అగ్రిమెంట్ లేకుండా ధరలో 10 శాతానికి మించి అడ్వాన్స్ తీసుకోకూడదు, మమ్మల్ని మాత్రం అగ్రిమెంట్ ఊసు లేకుండా నెలలోగా 30 శాతం కట్టమన్నారు. ప్రీ లాంచ్ పేరుతో నంబర్ రాకముందే డబ్బు అడిగేవాళ్లతో అసలు మాటే అనవసరం, రిజిస్ట్రేషన్ లేకుండా ప్రకటన ఇవ్వడం కూడా తప్పే. బ్రాడీపేట, అరండల్‌పేట లైన్లలో చిన్న స్థలాల్లో కట్టేవాటికి, అంటే 500 చదరపు మీటర్ల లోపు స్థలం గానీ 8 ఫ్లాట్ల లోపు గానీ అయితే, రెరా రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. అక్కడ ఇంకా ఎక్కువ చూసుకోవాలి, ముఖ్యంగా స్థలం ఓనరుకీ బిల్డరుకీ ఏ ఫ్లాట్లు ఎవరి వాటా అన్నది డెవలప్‌మెంట్ అగ్రిమెంటులో నంబర్లతో సహా చదవాలి, లేదంటే ఓనరు వాటా ఫ్లాటుని బిల్డరు అమ్మేసే ప్రమాదం ఉంది.

విజయవాడ వాళ్లకి ఇంకొక్క మాట. 2024 సెప్టెంబరులో బుడమేరు వచ్చినప్పుడు సింగ్ నగర్, పాయకాపురం, రాజరాజేశ్వరి పేట ఎలా మునిగాయో చూశాం. సెల్లార్ పార్కింగ్ ఉన్న సైట్ అయితే సేల్స్ ఆఫీసుని కాదు, ఎదురుగా ఉన్న కిరాణా కొట్టాయన్ని అడగండి నీళ్లు ఎంత ఎత్తు వచ్చాయో.

మేం క్యాన్సిల్ చేసుకున్నాం. 2 లక్షల్లో లక్షన్నర వెనక్కి వచ్చింది, బుకింగ్ ఫారం వెనక చిన్న అక్షరాల్లో ఉందని 50 వేలు పట్టుకున్నారు. తనఖా సంగతి దాచి తీసుకున్న డబ్బులో కోత కుదరదని రిజిస్టర్డ్ పోస్టులో రాశాం, జవాబు రాకపోతే రెరాకి ఫిర్యాదు పెడతాం, కాగితాలు సిద్ధంగానే ఉన్నాయి. ఈలోగా మా ఆఫీసులో ఒకాయనకి అదే ఫ్లాట్, అదే అంతస్తు, 5,600 చొప్పున చూపించారట. ఆయన టోకెన్ ఇవ్వకుండా ముందు ఈసీకి అప్లై చేశారు.