డెబియన్ రాజ్యాంగం: పదహారేళ్లు వాడాక నా మాట

2009లో, లెన్నీ అనే వెర్షన్ విడుదలైన ఏడాది, నా కంప్యూటర్‌లో డెబియన్ వేసుకున్నాను. విండోస్‌లాగే కంప్యూటర్‌ను నడిపే ఆపరేటింగ్ సిస్టం అది, స్వచ్ఛంద డెవలపర్లు కలిసి తయారుచేస్తారు. మళ్లీ వేరే దాని జోలికి వెళ్లలేదు. డెస్క్‌టాప్ గురించీ ప్యాకేజీల గురించీ రాసేవాళ్లు చాలామంది ఉన్నారు. నేను రాయాలనుకున్నది డెబియన్ రాజ్యాంగం గురించి, అంటే ఆ డెవలపర్లు తమ ప్రాజెక్టు కోసం రాసుకున్న నియమావళి గురించి, అందులోనూ తమ నియమాలను వాళ్లు ఓటేసి ఎలా మార్చుకుంటారన్న దాని గురించి. అక్కడ ఓటు డెవలపర్లకే, నాకు లేదు. అయినా వాళ్లు వేసిన ఓటు మా ఇంటి దాకా వచ్చింది.

కొన్నేళ్ల కిందట మా బావమరిది కొత్త లాప్‌టాప్ తెచ్చుకుని డెబియన్ వేసిపెట్టమన్నాడు. దానికి లాన్ కేబుల్ పెట్టే చోటే లేదు. ఇన్‌స్టాలర్ సగంలో ఆగి, ఫలానా ఫర్మ్‌వేర్ ఫైలు (చిప్‌ను నడిపే చిన్న ప్రోగ్రామ్) లేదు, పెన్‌డ్రైవ్‌లో ఉంటే పెట్టండి అంది. "వైఫై రావాలంటే ఫైలు కావాలి, ఫైలు దించాలంటే వైఫై కావాలి, ఇదెక్కడి గొడవ బావా?" అన్నాడు. ఆ వైఫై చిప్ చేసిన కంపెనీ సోర్స్ కోడ్, అంటే ప్రోగ్రామ్ అసలు రాత, ఇవ్వదు. డెబియన్‌లో ఉండేదంతా స్వేచ్ఛా సాఫ్ట్‌వేరేనని, అంటే ఎవరైనా కోడ్ చదివి మార్చుకోగలదేనని, 1997 నాటి సామాజిక ఒప్పందంలో (వాడేవాళ్లకు డెబియన్ రాసిచ్చిన హామీ పత్రంలో) మాట ఇచ్చారు. అందుకే అధికారిక ఇన్‌స్టాలర్‌లో ఆ ఫైలు ఉండేది కాదు. నా కంప్యూటర్‌లో ఫైలు దించి, రెండో పెన్‌డ్రైవ్ వెతికి, అందులోకి ఎక్కించి పని ముగించేసరికి రాత్రి పదకొండున్నర అయింది.

2022లో ఈ విషయం మీదే ఓటింగ్ పెట్టారు. బ్యాలెట్ మీద ఆరు ప్రతిపాదనలు. సామాజిక ఒప్పందాన్ని ముట్టుకోకుండానే ఇన్‌స్టాలర్‌లో ఫర్మ్‌వేర్ చేర్చేద్దామన్నవీ వాటిలో ఉన్నాయి. వాటికి మామూలు మెజారిటీ చాలు. గెలిచింది మాత్రం కష్టమైన దారి పట్టిన ప్రతిపాదన: ముందు ఒప్పందంలోనే ఒక వాక్యం చేర్చి, ఆ తర్వాత ఫర్మ్‌వేర్‌తో కలిపి ఒకే ఇన్‌స్టాలర్ ఇద్దామన్నది. రాజ్యాంగాన్ని మార్చడానికిలాగే దానికీ 3:1 మెజారిటీ కావాలి. మన పార్లమెంటులో రాజ్యాంగ సవరణకు హాజరై ఓటేసినవాళ్లలో మూడింట రెండు వంతులు కావాలి, ఇక్కడ నాలుగింట మూడు వంతులు. రాసుకున్న మాటకు కొత్త అర్థం చెప్పుకుని పని కానిచ్చుకోవచ్చు. అలా చేయకుండా, మాట మారుస్తున్నామని అందరి ముందూ చెప్పి మార్చారు. నేను డెబియన్‌ను వదలకపోవడానికి ఇది పెద్ద కారణం.

నాకు అన్నిటికన్నా నచ్చేది బ్యాలెట్. ఒక్కదానికే టిక్కు పెట్టాలని లేదు. ఇష్టాన్ని బట్టి 1, 2, 3 అని వరుస అంకెలు వేయొచ్చు. చివర్లో 'పైవేవీ కావు' ఉంటుంది. మనకూ 2013 నుంచి నోటా ఉంది గానీ, అసెంబ్లీ, పార్లమెంటు ఎన్నికల్లో నోటాకే ఎక్కువ ఓట్లు పడినా తర్వాతి అభ్యర్థే గెలుస్తాడు. డెబియన్‌లో ప్రతి ప్రతిపాదనా ముందు ఆ చివరి గడిని ఓడించాలి. రాజ్యాంగ సవరణను దానికన్నా పైన పెట్టినవాళ్లు 60 మంది, కింద పెట్టినవాళ్లు 20 మంది అయితే సవరణ నిలుస్తుంది. కింద పెట్టినవాళ్లు 21 మంది అయ్యారా, రాలిపోతుంది. 2022కు ముందు ఆ గడి పేరు 'ఇంకా చర్చిద్దాం'. నాకు ఆ పాత పేరే ఇష్టం. కాదన్నవాళ్లు తలుపు మూసేసినట్టు ఉండేది కాదు.

ప్రతిపాదన పెట్టినవాళ్లు కాక మరో ఐదుగురు డెవలపర్లు బలపరిస్తే చర్చ మొదలవుతుంది. ఒకప్పుడు ఈ చర్చ ఎప్పుడు ముగుస్తుందో, ఓటింగ్‌కు ఎవరు ఎప్పుడు పిలుస్తారో తెలియక టెన్షన్‌గా ఉండేది. 2022 జనవరి సవరణతో దానికీ గడువు పెట్టారు, మామూలుగా మూడు వారాలు దాటదు.

లోపాలు లేవనను. 2004లో సామాజిక ఒప్పందం మార్పును 'సంపాదకీయ సవరణలు' అనే పేరుతో ఓటుకు పెట్టారు. ఆ పేరు చూస్తే ఏవో కామాలు, పదాలు సరిదిద్దుతున్నారనిపిస్తుంది. ఆ సవరణ నెగ్గాక చూస్తే డాక్యుమెంటేషన్‌కూ ఫర్మ్‌వేర్‌కూ కూడా అంతా స్వేచ్ఛగానే ఉండాలన్న అదే కఠిన నియమం వర్తించింది, సిద్ధమవుతున్న సార్జ్ అనే వెర్షన్ విడుదలకే అడ్డం పడింది. ఆ మార్పును వాయిదా వేయడానికి అదే ఏడాది మళ్లీ ఓటు వేయాల్సివచ్చింది. సార్జ్ చివరికి 2005 జూన్‌లో విడుదలైంది. 3:1 మెజారిటీ కూడా తప్పుదారి పట్టించే శీర్షిక నుంచి కాపాడలేకపోయింది. అందుకే ఏ తీర్మానమైనా నేను పేరు చూసి వదిలేయను, మారే వాక్యాన్ని పాతదాని పక్కన పెట్టుకుని చదువుతాను.

ఇంకో సవరణ విషయంలో నా మనసు ఇప్పటికీ రెండు విధాలా ఉంది. 2022 మార్చి దాకా తీర్మానాల మీద ఎవరు ఎలా ఓటేశారో పేర్లతో బయటపెట్టేవారు. 2021లో వివాదాస్పదమైన ఒక తీర్మానం మీద ఓటు జరిగినప్పుడు, పేర్లు చూసి వేధిస్తారేమోనని కొందరు భయపడ్డారు. ఆ తర్వాత రహస్య ఓటుకు మారారు. ఆ భయం నిజమైనదే, మార్పూ న్యాయమైనదే. కానీ ఏళ్ల తరబడి ఆ పట్టికలు చదివి, ఫలానా డెవలపర్ ఏ విలువ వైపు నిలబడ్డాడో తెలుసుకున్న నాలాంటి వాడికి ఓ కిటికీ మూసుకుపోయినట్టే ఉంది.

2023 జూన్‌లో డెబియన్ 12 బుక్‌వర్మ్ వచ్చింది. ఆ వారమే బావమరిది లాప్‌టాప్ మళ్లీ నా బల్ల మీదికి చేరింది. ఈసారి ఒక్క పెన్‌డ్రైవే పెట్టాను. వైఫై పేర్ల జాబితా వచ్చి నిలబడగానే వాడే ముందుకు వంగి పాస్‌వర్డ్ కొట్టాడు.