ఐ విల్ ఆల్వేస్ లవ్ యూ: బాక్సులు టెస్ట్ చేసేదానికి విట్నీ, వినేదానికి డాలీ

మాది అనంతపురం, పాతూరులో సౌండ్ సర్వీస్. పెండ్లిళ్లకు, జాతర్లకు బాక్సులు కట్టే పని. ఇంగ్లీష్ పాటల గురించి నీకేం తెల్సప్పా అంటారేమో, నిజమే, నాకు ఇంగ్లీష్ అర్థమయ్యేది అంతంతే, కానీ ఈ ఒక్క పాట మాత్రం ఇరవై ఏండ్లుగా వారానికి రెండుమూడు సార్లన్నా వింటాండా, ఎందుకంటే హాల్లో బాక్సులు కట్టినాక ఫస్ట్ వేసి చూసేది ఇదే. అమెరికా సింగర్ విట్నీ హ్యూస్టన్ పాడిన 'ఐ విల్ ఆల్వేస్ లవ్ యూ'.

ఇదే ఎందుకంటే, మొదటి చరణంలో వాయిద్యం ఏమీ ఉండదు, ఉత్త గొంతే. ఖాళీ హాల్లో ఆ గొంతు వేస్తే ఎకో ఎంత కొడ్తాందో, మిడ్, అంటే మనిషి గొంతు పలికే నడిమి శబ్దం, ఎట్లుందో తెల్సిపోతాది. మూడు నిమిషాలు దాటినాక ఒక చోట అంతా ఆగిపోతాది చూడండి, ఆ గ్యాప్‌లో మన ఆంప్లిఫయర్‌కు ఎర్తింగ్ సరిగ్గా లేకుంటే గుయ్యిమని బయట పడ్తాది, ఎన్ని సార్లు దొరికిపోయినానో. ఆ వెంటనే డ్రమ్ము ఒకే ఒక్క దెబ్బ, పాట శృతి పైకెక్కి ఆమె గొంతు ఎత్తుకుంటాది. ఆ దెబ్బకు బేస్ బాక్స్ కోన్, అంటే స్పీకర్ ముందర ఆడే గుండ్రటి భాగం, ఎంత కదిలిందో చూస్తే చాలు, ఇంక వేరే టెస్ట్ అక్కర్లా.

కొత్తల్లో తాడిపత్రిలో ఒక పెండ్లికి, మొదట్లో గొంతు సన్నగా ఉంది కదా అని మిక్సర్ మీద వాల్యూం పెంచే ఫేడర్ పైకి తోసేసి టీ తాగను పోతి. నేనొచ్చేలోపల ఆ డ్రమ్ము వచ్చె, పై శృతి వచ్చె, హారన్ల లోపల శబ్దం పుట్టించే పల్చటి పొరలు, డయాఫ్రంలు, రెండూ మాడిపాయ. తప్పు నాదే, పాటది కాదు. సన్నగా మొదలయ్యే పాటకు వాల్యూం ఎప్పుడూ గట్టిగా వచ్చే చోట చూసి పెట్టాల, మొదట్లో చూసి కాదు.

అప్పట్లో ఇది విట్నీ సొంత పాటే అనుకుంటాంటి. 1992లో బాడీగార్డ్ సినిమాకు పాడింది, అమెరికా చార్టులో వరసగా 14 వారాలు ఫస్ట్ ప్లేస్‌లో నిలబడింది, అట్లాంటిది ఇంకొకరిది అని ఎవురనుకుంటారు. మా మేనల్లుడు బెంగళూరు నుంచి వచ్చినప్పుడు, మామా ఇది డాలీ పార్టన్ అని అమెరికా కంట్రీ సింగర్ రాసి పాడిన పాట, 1974దే అని ఫోన్‌లో వినిపిచ్చె. ఇంతేనా అనిపిచ్చింది. మూడు నిమిషాలు కూడా లేదు, గిటారు, వెనక రొంత కోరస్, ఎక్కడా గొంతెత్తేది లేదు, పైగా మూడో చరణం పాడకుండా ఊరికే మాట్లాడ్తాది. రెండు నెల్లు మళ్లీ దాని జోలికి పోలేదు.

వాడే ఇంకోసారి కథ చెప్పె. పోర్టర్ వ్యాగనర్ అని ఒక పెద్ద సింగర్ టీవీ షోలో ఈమె ఏడేండ్లు పాడిందంట, సొంతంగా బతకాలని బయటికి వస్తా, ఆయనకు ఆ మాట ఎట్ల చెప్పాల్నో తెలీక ఈ పాట రాసిందంట. అంటే లవర్ పాట కాదిది, ఓనర్ పాట! నాకు అక్కడ తగిలింది. నేను గూడా ఒకాయన దగ్గర తొమ్మిదేండ్లు వైర్లు లాగి, మిక్సర్ నేర్చుకుని, ఒక రోజు తాళాలు బల్ల మీద పెట్టి వచ్చేస్తి, ఒక్క మాట గూడా సరిగ్గా చెప్పలేకపోతి, ఆయన రెండేండ్లు నాతో మాట్లాడలే. ఇంత చక్కగా పాడి చెప్పినా ఆ వ్యాగనర్ తర్వాత డాలీ మీద కోర్టుకు పోయినాడు, అది వేరే విషయం అనుకో.

ఆ రాత్రి నుంచి డాలీది ఎన్ని సార్లు విన్నానో లెక్క లేదు. ఒకసారి రిపేరుకు వచ్చిన బాక్సు ఇంట్లో పెట్టి రెండూ వరసగా వేస్తాంటే, మాయమ్మ చేట ముందర పెట్టుకుని శెనక్కాయలు ఒలుస్తాంది. ఇంగ్లీష్ ఒక్క ముక్క రాదు ఆమెకు. విట్నీది అయిపోయి డాలీది మొదలైనాక చేయి ఆపి, ముందరామె ఊరందరికీ చెప్పి పోతాండాది, ఈమె ఒక్కడికే చెప్పి పోతాండాది కదరా అనె. మళ్లీ ఒలుచుకుంటా పాయ. నేను ఇంత పొడుగు రాసినా ఇంతకు మించి ఏం చెప్పలేకపోతాండా.

మధ్యలో ఇంకో ఆమె, లిండా రాన్‌స్టాట్, 1975లో పాడింది. గొంతు మంచిదే, డాలీ కంటే నిండుగా ఉంటాది, విట్నీ మాదిరి ఎగరదు. కానీ దీంట్లో ఆఖరిది, డాలీ మాట్లాడే ఆ మూడో చరణం, లేదు. బాడీగార్డ్ సినిమాకు ముందర ఈ రికార్డునే ఆధారంగా తీసుకున్నారంట, హీరో కెవిన్ కాస్ట్నర్ ఈ పాట వేద్దామన్నాడంట, విషయం తెల్సి డాలీనే విట్నీ పాట రికార్డు చేయించే ప్రొడ్యూసర్ డేవిడ్ ఫోస్టర్‌కు ఫోన్ చేసి, ఒక చరణం తగ్గింది అయ్యా అని చెప్పిందంట. మంచి పని చేసింది, ఆ చరణం లేకుంటే పాట పోతా పోతా దీవించకుండా పోయినట్ల ఉంటాది. లిండాది నేను సంవత్సరానికి ఒకసారి వింటానేమో.

1982లో డాలీ నే మళ్లీ ఒక సినిమాకు పాడింది, అది గూడా కంట్రీ, అంటే అమెరికా పల్లె తరహా పాటల, చార్టులో నంబర్ వన్ ఎక్కింది, నాకైతే పాతదే ఇష్టం. 1995లో విన్స్ గిల్ అనే ఇంకో సింగర్‌తో కలిసి పాడిందొకటి ఉంది. ఇద్దరూ కలిసి అంత ముద్దుగా పాడుకుంటాంటే విడిపోతాండేది ఎవురో నాకు అర్థం కాలే. ఎల్విస్ ప్రెస్లీ గూడా పాడాలనుకున్నాడంట, ఆయన మేనేజర్ పబ్లిషింగ్‌లో, అంటే పాట హక్కుల్లో, సగం రాసిమ్మంటే డాలీ ఒప్పుకోలేదు. రాత్రంతా ఏడ్చిందని చెప్తారు, కానీ ఇయ్యలే. గట్టి మనిషి.

ఇంకొక బాధ ఏమంటే, రిసెప్షన్లో కేక్ కట్ చేసేటప్పుడు ఈ పాటే పెట్టమని అడుగుతారు పిల్లోల్లు. అది విడిపోయే పాట నాయనా అంటే వినరు, లవ్ అనే మాట వినపడితే చాలు. పోయిన మాఘమాసంలో ధర్మవరం పక్కన ఒక పెండ్లిలో గూడా అడిగిరి, నేను అప్పుడు గమ్మునుండి, తెల్లారి అప్పగింతలప్పుడు డాలీది వేస్తి, వాల్యూం బాగా తగ్గించి. ఎవురూ పట్టించుకోలే అనుకుంటి. బాక్సులు ఆటోలోకి ఎక్కిస్తాంటే పెండ్లికూతురు వాళ్ల నాయన బ్యాలెన్స్ డబ్బులు తెచ్చి చేతిలో పెట్టి, ఇందాక పాటలో ఆమె మధ్యలో పాడకుండా మాట్లాడింది, ఏం చెప్పిందప్పా అనె. నువ్వు బాగుండాల, నువ్వు కోరుకున్నెవన్నీ నీకు దొరకాల అని చెప్పిందన్నా అంటి. ఆయన తలకాయ ఊపి, అట్లనే రొంత సేపు ఆటో పక్కన నిలబడి, లోపలికి పాయ. డబ్బులు లెక్క పెడితే రెండొందలు ఎక్కువ ఉండాయి, వెనక్కి ఇద్దామని పోతే మనిషి కనపడలే.