ముప్పావు లీటరు స్టీలు ఫ్లాస్కు: 14 నెలలు వాడాక

నేను ఫిజిక్స్ టీచరుగా పనిచేసి రిటైరయ్యాను. ఉండేది విశాఖపట్నంలో. రోజూ పొద్దున్నే ఆర్‌కే బీచ్‌లో నడుస్తాను. నాతో నా స్నేహితురాలు వస్తుంది. తనది శ్రీకాకుళం వైపు. డిగ్రీలో కలిసినప్పటి నుంచీ మేమిద్దరం ఒకరినొకరం "నేస్తం" అనే పిలుచుకుంటాం. ఇక్కడా అలాగే రాస్తాను. ఈ ఫ్లాస్కు కొన్నది మా ఇద్దరి కోసమే. అందుకని నేస్తం సంగతి లేకుండా ఫ్లాస్కు గురించి చెప్పడం నాకు చేతకాదు.

ఫ్లాస్కు అంటే మా చిన్నప్పుడు రెండు సందర్భాల్లోనే అటక మీంచి దిగేది. ఎవరైనా ఆస్పత్రిలో ఉంటే, లేదా రాత్రి రైలెక్కితే. పైన ప్లాస్టిక్కు, లోపల వెండి పూత పూసిన గాజు. ఒక్కసారి చెయ్యి జారితే పైకి ఏమీ తెలిసేది కాదు. ఊపి చూస్తే లోపల గాజు ముక్కలు గలగలమనేవి. మా అమ్మ ఆస్పత్రిలో ఉన్నప్పుడు మెట్ల మీద అలాగే ఒకటి పగలగొట్టాను. ఆ తర్వాత చాలా ఏళ్ళు ఫ్లాస్కు పట్టుకోవాలంటేనే నాకు టెన్షన్. ఇప్పటి స్టీలు రకంలో లోపలి గోడ కూడా స్టీలే కాబట్టి ఆ భయం లేదు.

కొన్నది పూర్ణా మార్కెట్ దగ్గర స్టీలు సామాన్ల కొట్టులో, 940 రూపాయలకి. 750 మిల్లీలీటర్లది. ఖాళీదే 400 గ్రాములు దాటుతుంది. నిండుగా పోస్తే కిలో పైమాటే, భుజానికి సంచీ తగిలించుకుంటే బరువు తెలుస్తుంది. కంపెనీ పేరు రాయడం లేదు. నా దగ్గరికి వచ్చిన ఒక్క వస్తువుని చూసి కంపెనీ మొత్తం మీద మాట అనడం సరికాదు. పైగా నేను చెప్పబోయేది ఈ రకం ఫ్లాస్కు ఏది కొన్నా పనికొస్తుంది.

పెట్టె మీద "24 గంటలు వేడి" అని ఉంది. వేడి అంటే ఎంత వేడి అన్నది రాయలేదు. వంటింట్లో వాడే డిజిటల్ థర్మామీటరు పెట్టి నేనే కొలిచాను. ముందు మరిగే నీళ్ళు పోసి అయిదు నిమిషాలుంచి, అవి పారబోసి, మళ్ళీ మరిగినవి నిండుగా పోశాను. పోయగానే 97 డిగ్రీలు. ఆరు గంటల తర్వాత 78. పన్నెండు గంటలకి 64. ఇరవై నాలుగు గంటలకి 48. అంటే మర్నాటికి కూడా వేడిగానే ఉన్నాయి గానీ, ఆ వేడి స్నానానికి సరిపోతుంది, టీకి సరిపోదు. ముందుగా వేడినీళ్ళతో కడగకుండా నేరుగా పోసినరోజు ఆరు గంటలకే 74కి దిగింది. లోపలి స్టీలు చల్లగా ఉంటే మొదటి వేడంతా అదే తాగేస్తుంది. సగం పోసి మూత పెడితే ఇంకా త్వరగా చల్లారుతుంది. ఏదైనా నిండుగా పోయండి.

ఇందులో మంత్రం ఏమీ లేదు. రెండు స్టీలు గోడల మధ్య గాలి తీసేస్తారు. మధ్యలో ఏమీ లేకపోతే వేడి దాటి పోవడానికి దారి దాదాపు ఉండదు. స్కాట్లండ్‌కి చెందిన జేమ్స్ డ్యూవర్ 1892లో దీన్ని చేసింది కాఫీ కోసం కాదు, ద్రవంగా మార్చిన వాయువుల్ని చల్లగా నిలవ ఉంచడానికి. తరగతిలో ఈ సంగతి చెప్పినప్పుడల్లా "మరి చల్లవాటిని చల్లగానే ఎలా ఉంచుతుంది టీచర్?" అని ఎవరో ఒకరు అడిగేవాళ్ళు. లోపలి వేడి బయటికి పోలేని దారిలో బయటి వేడి లోపలికీ రాలేదు. కారణం అదొక్కటే. మిగిలిన దారి మూత. అక్కడ రెండు గోడలు లేవు కదా, వేడి ఎక్కువగా పోయేది అక్కడి నుంచే. మాటిమాటికీ తీసి చూడకండి.

కొత్తది కొనగానే చేయాల్సిన పరీక్ష ఒకటుంది. మరిగే నీళ్ళు పోసి మూత పెట్టి, పది నిమిషాల తర్వాత ఒళ్ళంతా చేత్తో తడిమి చూడండి. మెడ దగ్గర కాస్త వెచ్చగా ఉంటే ఫరవాలేదు. నడుము దగ్గర వేడి తగిలితే లోపల గాలి చేరిందని అర్థం. అదే రోజు కొట్టుకి తిరిగి పట్టుకెళ్ళిపోండి. ఐఎస్ఐ గుర్తు కూడా చూసుకోండి.

ఇక మేం ఎలా వాడతామో చెప్తాను. ఫ్లాస్కు కొనక ముందు నడక అయ్యాక టీ బండి దగ్గర ఆగేవాళ్ళం. అక్కడ టీలో పంచదార ముందే కలిసి ఉంటుంది. నేస్తానికి షుగరు. వద్దనుకుంటూనే తాగేది. నాకేమో కాఫీ కావాలి. కప్పు చూస్తే రెండు గుక్కలు. వెనక మనుషులు నిలబడి ఉంటారు కాబట్టి తాగి పక్కకి తప్పుకోవాల్సిందే. అక్కడ మేం మాట్లాడుకున్నవి కూరగాయల ధరలు, మోకాళ్ళ నొప్పులు, అంతే.

మొదట్లో కాఫీ కలిపేసి ఫ్లాస్కులో పోసుకెళ్ళాను. బాగాలేదు. వేడిలో గంటన్నర మగ్గేసరికి కాఫీకి ఉడుకు వాసన వచ్చింది. ఇప్పుడు ఫ్లాస్కులో వేడి పాలు మాత్రమే పోస్తాం, మూడో వంతు నీళ్ళు కలిపి. డికాక్షన్లు విడిగా చిన్న సీసాల్లో, నా ఫిల్టరు కాఫీది నేను, తన అల్లం టీది తను తెచ్చుకుంటాం. హైదరాబాద్ ఇరానీ హోటళ్ళలో పాలు వేరుగా, డికాక్షన్ వేరుగా ఉంచి కప్పులోనే కలుపుతారు చూడండి, అదే పద్ధతి. దీనివల్ల ఇంకో లాభం ఉంది. గంటన్నర తర్వాత కూడా పాలు 90 డిగ్రీల దగ్గర ఉంటాయి, నాలుక కాలిపోతుంది. అందులో చల్లటి డికాక్షన్ నాలుగో వంతు కలిపితే 75కి వస్తుంది. ఊదుకుంటూ తాగొచ్చు. పంచదార డబ్బా నా సంచీలోనే ఉంటుంది, తను దాని జోలికి రాదు.

పొద్దున్న బీచ్ రోడ్డు మీద బండ్లని రానివ్వరు. కాళీమాత గుడి దగ్గర మొదలుపెట్టి నడిచి, తిరిగొచ్చి కురుసుర సబ్‌మెరైన్ మ్యూజియం ఎదురుగా గోడ మీద కూర్చుంటాం. ఆ సబ్‌మెరైన్ 1969లో నేవీలో చేరి, 2001 దాకా పనిచేసి, 2002లో మ్యూజియం అయింది. నేను పిల్లల్ని తీసుకొచ్చి చూపించినప్పుడు, నీళ్ళలో అది ఎలా మునుగుతుందో ఎలా తేలుతుందో దాని పక్కనే నిలబడి చెప్పాను. ఇప్పుడు దాని ఎదురుగా కూర్చుని పాలు పోసుకుంటున్నాం.

మా గ్లాసుకి 150 మిల్లీలీటర్ల పాలు పడతాయి. అంటే అయిదు సార్లు పోసుకోవచ్చు. చెరి రెండు గ్లాసులు, ఆఖరిది సగం సగం. మొదటి గ్లాసు మీద మాటలు టీ బండి దగ్గర మాటల్లాగే ఉంటాయి. కోడలు, కరెంటు బిల్లు, మునక్కాడలు. రెండో గ్లాసు పోసుకున్నాక తొందర ఉండదు. ఎవరూ లెమ్మనరు. కిందటి శీతాకాలంలో ఒకరోజు రెండో గ్లాసు మీద నేస్తం ఉన్నట్టుండి అంది:

"రాత్రి అన్నం మానేసినానని డాక్టరుకి సెప్పేను గానీ నేస్తం, మానలేదు. అందరూ పడుకున్నాక పదకొండింటికి లేసి, చీకట్లోనే అన్నంలో ఆవకాయ కలుపుకొని తినేస్తన్నాను."

నలభై ఏళ్ళుగా తెలిసిన మనిషి. ఎన్నాళ్ళ నుంచి అని అడిగితే, ఏడాది పైనే అంది. షుగరు ఎందుకు తగ్గడం లేదో ఇంట్లో ఎవరికీ అర్థం కాక మందులు మారుస్తున్నారట. కొడుకు ముందు చెప్పడానికి సిగ్గేసిందట. నేను మందలించలేదు. నా సంగతీ చెప్పాను. మా ఆయన పోయాక మూడేళ్ళుగా టీవీ ఆపకుండా పడుకుంటున్నాను. ఆపితే ఇంట్లో చప్పుడే ఉండదు. ఒంటిగంటకో రెండింటికో ఏదో అరుపు వినిపించి మెలకువ వస్తుంది, మళ్ళీ నిద్ర పట్టదు. మా అమ్మాయి ఫోన్ చేసి బాగా నిద్రపోతున్నావా అని అడిగితే, బాగానే అంటాను.

తను ఏమీ అనలేదు. ఆఖరి గ్లాసు పాలు సగం సగం పోయాల్సింది, మొత్తం నా గ్లాసులోనే పోసింది. ఆ రాత్రి పదింటికి తన దగ్గర్నుంచి మిస్డ్ కాల్ వచ్చింది. ఎందుకో అర్థమై టీవీ ఆపాను. అప్పటి నుంచి రోజూ పదింటికి మోగుతుంది. నేను తనకి ఎనిమిదింటికి చేస్తాను. అప్పుడు ఉల్లిపాయ నంజుకుంటూ చోడి (రాగి) అంబలి తాగాలి, పదకొండింటికి లేవకూడదు. మధ్యలో రెండుసార్లు లేచింది. రెండుసార్లూ మర్నాడు గోడ మీద తనే చెప్పింది. డాక్టరుకి కూడా నిజం చెప్పేసింది. ఇప్పుడు షుగరు ముందుకన్నా మెరుగు.

ఇవన్నీ ఇంట్లో కూర్చుని మాట్లాడుకోలేమా అంటే, మాకు కుదరలేదు. తన ఇంట్లో ఎప్పుడూ ఎవరో ఒకరు ఉంటారు. నా ఇంట్లో ఎవరూ లేరు గానీ, తను వస్తే వంటింట్లోకి వెళ్ళిపోయి పని మొదలుపెడుతుంది.

ఇక ఫ్లాస్కులో లోపాలు. మూత మీద నొక్కే బటన్ ఉంది, నొక్కితే ధారగా పడుతుంది. అందంగానే ఉంటుంది గానీ అయిదో నెల నుంచి కారడం మొదలైంది. నిలబెడితే ఫరవాలేదు, సంచీలో పడుకోబెడితే చుక్కచుక్కగా కారి నా శాలువా, పర్సు తడిసిపోయాయి. మూత విప్పి చూస్తే రబ్బరు వాషరు సాగిపోయింది. పెట్టె మీదున్న నంబరుకి ఫోన్ చేస్తే, పంపిస్తాం అన్నారు. అయిదు వారాలు పట్టింది, నాలుగుసార్లు గుర్తు చేశాను. పది రూపాయల వాషరు కోసం ఇన్నాళ్ళు తిప్పడం నాకు నచ్చలేదు. కొనేటప్పుడే విడి వాషర్లు దొరుకుతాయేమో అడగండి. బటన్ లేకుండా మామూలు మరమూత ఉన్నది దొరికితే అదే మేలు. విప్పడానికి భాగాలు తక్కువ, కడగడం సులువు.

కడగడం గురించి గట్టిగా చెప్పాలి. పాలు పోసేవాళ్ళు వాషరు బయటికి తీసి, రోజూ విడిగా కడగాలి. తీయకపోతే మూడో రోజుకి పులిసిన వాసన వస్తుంది. లోపల మరక పడితే చెంచాడు తినే సోడా, వేడినీళ్ళు పోసి మూత పెట్టకుండా అరగంట ఉంచండి, చాలు. స్టీలు పీచు లోపలికి పోనివ్వకండి, గీతలు పడతాయి. ఒకసారి పొద్దున్న పోసిన పాలు మిగిలితే సాయంత్రం వాడదామని ఉంచాను. మూత తీసేసరికి విరిగిపోయి ఉన్నాయి. పాలు బాగా వేడిగా ఉన్నంతసేపే క్షేమం. గోరువెచ్చగా అయితే క్రిములు పెరగడానికి అంతకన్నా మంచి చోటు ఉండదు. రెండు గంటల్లో తాగేయండి, మిగిలితే పారబోయండి. రోజంతా ఉంచుకోవాలంటే ఉత్త వేడినీళ్ళు పోసుకోండి.

గోడ మీద రోజూ పెట్టడం వల్ల అడుగున రంగు లేచిపోయింది. ఒకచోట సొట్ట కూడా పడింది. మళ్ళీ కొలిచాను, ఆరు గంటలకి 77. ఒక్క డిగ్రీ తేడా. పద్నాలుగు నెలలకి ఇది మంచి పనితనమే.

కొట్టులో ఇదే రకం అర లీటరుది 250 రూపాయలు తక్కువకి చూపిస్తారు. తేలిగ్గా ఉంటుంది, సంచీలో చక్కగా ఇముడుతుంది. ఒక్కరికే అయితే తీసుకోండి. ఇద్దరు తాగేదైతే మాత్రం ముప్పావు లీటరుదే కొనండి. అర లీటరుది రెండో గ్లాసుకి చాలదు.