లోయ చిత్రాలకు కాటన్ కాగితం: కొన్నేళ్ల వాడకం తర్వాత

కొండలను, లోయలను నీటిరంగుల్లో వేసేవారు రంగుల ట్యూబుల ఖర్చు కొంత తగ్గించుకొని అయినా మంచి కాగితం కొనుక్కోవాలన్నది, కొన్నేళ్లుగా ఆర్చెస్ కంపెనీ వారి 300 జీఎస్ఎం (చదరపు మీటరుకు 300 గ్రాముల బరువుండే) కోల్డ్ ప్రెస్, అంటే కాస్త గరుకుగా ఉండే కాగితం మీద ఎక్కువగా గండికోట లోయనే వేస్తూ వచ్చిన నా స్థిరాభిప్రాయం. ఫ్రాన్సులో తయారయ్యే ఈ కాగితం పూర్తిగా పత్తి నారతో చేసినది, రంగు వెంటనే ఇంకిపోకుండా జిలాటిన్ అనే జిగురు పట్టించినది. తడిపినప్పుడు కాస్త వాసన వచ్చేది ఆ జిలాటిన్ వల్లనే.

ఎర్రమల కొండలను కోసుకుంటూ పెన్నా పారే ఆ చోట రాయి అడ్డంగా పొరలు పొరలుగా, నిలువు పగుళ్లతో, దిమ్మెలు పేర్చినట్టు ఉంటుంది. ఆ నిర్మాణం కాగితం మీద నిలవాలంటే ఒకే చోట మూడు నాలుగు వాష్‌లు, అంటే పలుచని రంగు పూతలు, వేయక తప్పదు: మొదట ఎల్లో ఓకర్ (మట్టి పసుపు) పలుచగా, అది పూర్తిగా ఆరాక బర్న్ట్ సియెన్నా (ఎర్రటి గోధుమ రంగు), ఆపైన నీడల కోసం అదే సియెన్నాలో అల్ట్రామెరైన్ నీలం కలిపిన బూడిద వన్నె. చెక్క గుజ్జుతో చేసిన చవక కాగితం మీద రెండో పూతకే అడుగు రంగు కదిలి మురికిగా మారుతుంది. ఈ కాటన్ కాగితం మీద కుంచెను తేలికగా నడిపితే చాలు, అడుగు రంగు చెదరదు. అల్ట్రామెరైన్ రేణువులు కాగితపు గుంటల్లోకి దిగి రాతి గరుకును వాటంతటవే చూపిస్తాయి. ఎండ తగిలే అంచుల మీద, తడి బాగా తగ్గించిన కుంచెను పక్కకు వాల్చి లాగితే రంగు కాగితపు ఉబ్బులకే అంటుకొని, మధ్యమధ్య తెలుపు మిగిలిపోతుంది. ఆ తెలుపే రాతి మీద మెరుపు. తెల్ల రంగుతో దాన్ని తెచ్చిపెట్టడం నాకెప్పుడూ నచ్చలేదు. దూరపు కొండలను మసకబరచాలంటే ఆరిన రంగును తడి కుంచెతో నెమ్మదిగా ఎత్తేయవచ్చు, కాని థాలో బ్లూ వంటి మరక పట్టే రంగులు ఏ కాగితం మీదా పూర్తిగా వదలవు.

రాయలసీమ ఎండలో ఆరుబయట కూర్చుంటే ఆకాశపు వాష్ కొండ అంచును చేరేలోపే ఆరిపోతుంది కనుక కాగితాన్ని రెండు వైపులా తడిపి మొదలుపెట్టడం మంచిది. నీరు ఎక్కువైతే ఈ మందం కాగితం ఉబ్బుతుంది. నాలుగు అంచులా టేపు వేసి, ఆరేదాకా తీయకూడదు. చెమ్మలో నిలువ ఉంచితే జిలాటిన్ పట్టు సడలి రంగు మచ్చలుగా ఇంకిపోతుంది కాబట్టి, వానాకాలంలో గాలి చొరబడని సంచిలోనే దాచాలి.

ధర ఎక్కువే. పూర్తి షీటు, అంటే 56 x 76 సెంటీమీటర్లది, కొని నాలుగు ముక్కలు చేసుకోవడం, వెనుక వైపును కూడా రంగుల ప్రయోగాలకు వాడుకోవడం లాభసాటి.