చిల్లరలోంచి పిల్లల నాణేల సేకరణ: బొమ్మలా, సంవత్సరాలా, టంకశాల గుర్తులా – ఏది మేలు?

పిల్లలు నాణేలు పోగుచేస్తామని అడగ్గానే చాలామంది తల్లిదండ్రులు ఓ ఆల్బమూ, ప్రపంచ దేశాల నాణేలున్న ఓ ప్యాకెట్టూ కొనేస్తారు. నా ఉద్దేశంలో ఆ ప్యాకెట్ వల్ల మేలుకన్నా నష్టమే ఎక్కువ. ఇరవై దేశాల నాణేలు ఒకేసారి చేతికొస్తే వెతికే పనే ఉండదు. కాసేపు తిప్పి చూస్తారు, పక్కన పెట్టేస్తారు. అదే ఇంట్లో ఉన్న చిల్లరతో మొదలుపెడితే వెతుకులాట అంతా వాళ్లదే. డబ్బూ పోదు, వద్దనుకున్న నాణెం మళ్లీ ఖర్చుకు పనికొస్తుంది. కాబట్టి చిల్లరే మేలు. అయితే ఆ చిల్లరలోంచి ఏ లెక్కన ఏరుకోవాలి? పెద్దవాళ్లు కాస్త ఆలోచించాల్సింది ఇక్కడే.

ముందు బొమ్మల సంగతి. చదవడం కూడా సరిగా రాని పిల్లల్ని ఇట్టే ఆకట్టుకునేది ఇదే. అమెరికాలో 1999 నుంచి 2008 దాకా ఏడాదికి ఐదు రాష్ట్రాల చొప్పున, క్వార్టర్ (పావు డాలర్) నాణెం వెనక వైపు ఒక్కో రాష్ట్రానికి ఒక్కో బొమ్మ వేశారు. యూరో నాణేలకైతే ఒక వైపు అన్ని దేశాలకూ ఒకటే, రెండో వైపు దేశానికో బొమ్మ. 2002లో చలామణిలోకి వచ్చిన ఈ నాణేలు ఎక్కడ ముద్రించినా యూరో వాడే దేశాలన్నిటా చెల్లుతాయి కాబట్టి, ఒక్క పర్సులోనే నాలుగైదు దేశాలవి దొరకొచ్చు. భారతదేశంలో 2007 నుంచి కొన్నేళ్లపాటు వచ్చిన రూపాయి, రెండు రూపాయల నాణేల మీద నాట్యముద్రల చేతివేళ్లు కనిపిస్తాయి.

చిక్కల్లా ఏమిటంటే, ఈ పద్ధతిలో మొదట గబగబా దొరికి తర్వాత హఠాత్తుగా ఆగిపోతుంది. ప్రత్యేక సందర్భాలకు వేసే నాణేల్లో కొన్ని మరీ తక్కువ సంఖ్యలో వస్తాయి. 2009లో లండన్‌లోని క్యూ గార్డెన్స్ ఉద్యానవనం బొమ్మతో వచ్చిన బ్రిటన్ 50 పెన్స్ నాణేలు మొత్తం 2,10,000 మాత్రమే. అలాంటిది చిల్లరలో ఎప్పుడు తగలాలి? పిల్లలు నీరసపడతారు, అది చూడలేక పెద్దవాళ్లు కొనిస్తారు. అక్కడితో సేకరణ పెద్దవాళ్లదైపోతుంది.

సంవత్సరాల పద్ధతి పైకి చప్పగా అనిపిస్తుంది గానీ, నా ఓటు దీనికే. ఎక్కువగా చేతులు మారే ఏదో ఒక విలువ నాణెం ఎంచుకుని, బిడ్డ పుట్టిన సంవత్సరం నుంచి ఇప్పటిదాకా ఏడాదికొకటి చొప్పున వరుసగా పేర్చమనండి. నాలుగైదు దొరికేసరికి వరుస మధ్యలో ఖాళీలు కనబడతాయి. ఏం వెతకాలో ఆ ఖాళీలే చెబుతాయి, పక్కన కూర్చుని మనం చెప్పక్కర్లేదు. పుట్టిన ఏడాది దాకా నిండాక అమ్మ పుట్టిన ఏడాది, ఆపైన తాతయ్యది అంటూ వాళ్లంతట వాళ్లే వెనక్కి వెళ్తారు.

ఇంకో లాభం, ఏడాది అంకె వెనక కథలుంటాయి. 2009 నాటి అమెరికా నికెల్ (ఐదు సెంట్లు), డైమ్ (పది సెంట్లు) నాణేలు చిల్లరలో అరుదుగా తగులుతాయి. అప్పటి ఆర్థిక మాంద్యం రోజుల్లో కొత్త నాణేలకు గిరాకీ పడిపోయి ముద్రణ బాగా తగ్గించారు. బ్రిటన్ ఒకటి, రెండు పెన్స్ నాణేలు 1992లో కంచు నుంచి రాగిపూత వేసిన ఉక్కుకు మారాయి. పిల్లల చేతికి ఓ అయస్కాంతం ఇవ్వండి. 1990 నాటిది కదలదు, 1995 నాటిది టక్కున అంటుకుంటుంది. అమెరికా సెంటు 1982లో రాగి నుంచి రాగిపూత జింకుకు మారింది. పాతది 3.11 గ్రాములైతే కొత్తది 2.5 గ్రాములే. ఆ ఒక్క ఏడాదిలో రెండు రకాలూ వచ్చాయి కాబట్టి, 1982 సెంటు ఏ రకమో తేల్చాలంటే తూకం వేసి చూడాల్సిందే. ఎనిమిదేళ్ల పిల్లలకు ఇంతకన్నా మంచి సైన్సు పాఠం ఏముంటుంది!

నాణెం ఏ టంకశాలలో, అంటే ఏ ముద్రణశాలలో తయారైందో చెప్పే గుర్తులు మూడో దారి. ఇది లోతైనది, కానీ మొదటి మెట్టు కాదు. భారత నాణెం మీద సంవత్సరం కింద చూడండి. వజ్రం ఆకారముంటే ముంబైది, నక్షత్రముంటే హైదరాబాద్‌ది, చిన్న చుక్క ఉంటే నోయిడాది, ఏమీ లేకపోతే కోల్‌కతాది. అమెరికా నాణేల మీద పి అక్షరం ఫిలడెల్ఫియాకు, డి డెన్వర్‌కు గుర్తు. వినడానికి తేలికే. భూతద్దం పట్టుకుని కూర్చుంటే తెలుస్తుంది అసలు కష్టం. బాగా అరిగిన నాణెం మీద చుక్క చెరిగిపోయిందా, అసలు లేనే లేదా? నోయిడాది కాస్తా కోల్‌కతా ఖాతాలో పడిపోతుంది. తొమ్మిది, పదేళ్లు దాటి ఓపిక కుదిరిన పిల్లలకు ఇది అద్భుతంగా ఉంటుంది. ఆరేళ్లవాళ్లకు ఇస్తే కళ్లు నొప్పెట్టి వదిలేస్తారు. ఏడాదుల వరుస ఒకటి నిండాక, అదే వరుసను టంకశాలల వారీగా విడగొట్టమంటే సరిపోతుంది. అప్పటికి నాణేన్ని దగ్గరగా చూడడం అలవాటై ఉంటుంది.

మూడేళ్లలోపు పిల్లలు ఇంట్లో ఉంటే నాణేలు వాళ్లకు అందనివ్వకండి, మింగేస్తారు.

దాచడానికి ఏది మేలంటే, మధ్యలో పారదర్శక కిటికీ ఉన్న చదరపు మడత అట్టలు. అంచు మీద ఏడాది, ఎప్పుడు దొరికింది, ఎవరిచ్చారు అని పిల్లలే రాసుకోవచ్చు. అట్ట మడిచి స్టేప్లర్ కొట్టేటప్పుడు పిన్ను మాత్రం నాణేనికి తగలకూడదు. ప్లాస్టిక్ వాసన కొట్టే మెత్తటి పీవీసీ కవర్లు వద్దు, కొన్నాళ్లకు నాణెం మీద ఆకుపచ్చ జిగురు పడుతుంది. డబ్బాలో కలిపి పోస్తే ఒకదానికొకటి రాసుకుని గీతలు పడతాయి.

ఇక తోమడం గురించి గట్టిగానే చెబుతాను. టూత్‌పేస్టుతోనో, మెరుగు పౌడరుతోనో రుద్దితే నాణెం తళతళలాడుతుంది, నిజమే. కానీ ఆ రుద్దుడికి పైపొర గీసుకుపోతుంది, సహజమైన మెరుపు ఇక తిరిగి రాదు. సేకరించేవాళ్లు అలాంటి నాణేన్ని పాడైనదిగానే లెక్కేస్తారు. నాణేన్ని అంచు పట్టుకుని తీయడం, చూసిన తర్వాత చేతులు కడుక్కోవడం నేర్పితే చాలు.

అదే ఏడాది నాణెం ఇంకొకటి, మొదటిదానికన్నా స్పష్టంగా ఉన్నది దొరికిందనుకోండి, ఏది ఉంచాలో పిల్లల్నే తేల్చుకోనివ్వండి. రెండిటినీ పక్కపక్కన పెట్టి అక్షరాల అంచులు, బొమ్మలో ఎత్తుగా ఉన్న చోట్లు చూడమనండి, అరుగుదల ముందుగా తెలిసేది అక్కడే. మిగిలింది మళ్లీ చిల్లరలో వేసేయొచ్చు.