ఎం.ఎస్.కు అమెరికానా, జర్మనీనా?

ఖర్చు: అమెరికాలో ఫీజుకే లక్షల అప్పు. జర్మనీలో చాలా ప్రభుత్వ విశ్వవిద్యాలయాలకు ట్యూషన్ ఫీజు లేదు. జీవన వ్యయం మాత్రం బ్లాక్డ్ ఖాతాలో (నెలకు కొంత మొత్తమే తీసుకోగల బ్యాంకు ఖాతా) ముందే చూపాలి.

శ్రమ: అమెరికాలో ఇంగ్లీషు చాలు. జర్మనీలో చదువు ఇంగ్లీషులో సాగినా, ఉద్యోగం దగ్గర చాలాచోట్ల జర్మన్ అడుగుతారు. మొదటి సెమిస్టరు నుంచే నేర్చుకోండి.

గడువు: చదువయ్యాక అమెరికాలో ఓపీటీ (చదివిన రంగంలో పనిచేసే తాత్కాలిక అనుమతి), స్టెమ్ (సైన్స్, టెక్నాలజీ, ఇంజినీరింగ్, గణితం) కోర్సులకిచ్చే పొడిగింపుతో కలిపి 36 నెలలు. జర్మనీలో ఉద్యోగ వేటకు 18 నెలలు.

రిస్కు: అసలు తేడా ఇక్కడే. అమెరికా ఉద్యోగ వీసా హెచ్‌1బీ కోటా ఏటా 85,000. మంచి ఉద్యోగం చేతిలో ఉన్నా లాటరీలో పేరు రాకపోవచ్చు. పిల్లల కోసం ఇల్లు తాకట్టు పెట్టిన తల్లిదండ్రులను తలచుకుంటే నాకు భయమేస్తుంది. జర్మనీలో ఉద్యోగానికిచ్చే నివాస అనుమతి బ్లూకార్డుకు లాటరీ లేదు. చదువుకు తగిన ఉద్యోగం, నిర్ణీత జీతం ఉండాలి.

అప్పు తట్టుకోగలిగి, పెద్ద జీతమే లక్ష్యమైతే అమెరికా. ఇంటిపై భారం వద్దనుకుని, భాషకు రెండేళ్లు ఇవ్వగలిగితే జర్మనీ.