గొయ్యి కనపడని మారియో: గేమ్ బాయ్ కలర్‌తో మూడేళ్లు

మా తరంలో చాలామందికి మారియో అంటే పసుపుపచ్చ క్యాసెట్టే. పైన 9999 గేమ్స్ అని రాసుంటుంది, లోపల చూస్తే తిప్పితిప్పి అవే ఓ పది. నోటితో ఊది, టీవీకి పెట్టిన మెషిన్‌లో గుచ్చి, సెలవులన్నీ దాంతోనే గడిపాం. 1-1, అంటే మొదటి లోకంలో మొదటి లెవెల్, నాకు కళ్లు మూసుకున్నా వస్తుంది. ఆ ధీమాతోనే మూడేళ్ల కిందట సెకండ్‌హ్యాండ్‌లో ఒక గేమ్ బాయ్ కలర్ (చేతిలో పట్టుకుని ఆడే గేమ్ మెషిన్), దాంతోపాటు సూపర్ మారియో బ్రదర్స్ డీలక్స్ కొన్నాను. 1985 నాటి ఆటనే 1999లో ఈ బుల్లి మెషిన్ కోసం మళ్లీ తయారుచేశారు.

మొదటిరోజే పరువు పోయింది. 1-1లో మొదటి గొయ్యిలోనే పడ్డాను. మా అబ్బాయి పక్కనే ఉన్నాడు.

తప్పు నా వేళ్లది కాదు, స్క్రీన్‌ది. పాత ఆటలో బొమ్మ 256 అడ్డం, 240 నిలువు పిక్సెళ్లు. ఇందులో 160, 144. మారియోని మాత్రం చిన్నగా చేయలేదు, చుట్టూ ఉన్న లోకాన్ని కత్తిరించేశారు. టీవీలో అడ్డంగా పదహారు ఇటుకలు కనిపించేవి, ఇక్కడ పదే. పరుగు మాత్రం అదే పరుగు. సుత్తులు విసిరేవాడు కనపడేసరికే వాడి సుత్తి నెత్తిమీద ఉంటుంది. పై బటన్ గానీ కింది బటన్ గానీ నొక్కితే స్క్రీన్ అటు కాస్త జరుగుతుంది కాబట్టి దూకేముందు ఆగి తొంగిచూడాలి. ఆగి చూసుకుంటూ ఆడితే అది మారియో ఏంటి? దారి తప్పితే మొదటికొచ్చే 4-4 కోటలో మరీ కష్టం. పై దారిలో ఉంటే కింది దారి సరిగ్గా కనపడదు.

ఇంకో చిక్కు, స్క్రీన్‌లో లైటు లేదు. కరెంటు పోతే టీవీ గేమ్ ఆగిపోయేది, 8-3 దాకా వచ్చినా మళ్లీ మొదటినుంచే. ఇందులో ఆట సేవ్ అవుతుంది, రెండు పెన్సిల్ సెల్స్‌తో నడుస్తుంది, కానీ కరెంటు పోయిన చీకట్లో ఏమీ కనపడదు! నేను కిటికీ పక్కన కూర్చుని ఆడతాను.

మరి మూడేళ్లుగా ఎందుకు ఆడుతున్నానంటే, ఛాలెంజ్ మోడ్ కోసం. అవే 32 లెవెల్స్, కానీ ఒక్కోదాంట్లో ఐదు ఎర్ర నాణేలు ఏరాలి, దాచిన యోషి (మారియో ఆటల్లోని డైనోసార్) గుడ్డు వెతకాలి, ఇచ్చిన స్కోరు దాటాలి. గుడ్డు కంటికి కనపడని ఇటుకలో ఉంటుంది. అంటే ఏమీ లేని గాల్లోకి ఎగిరి తలతో గుద్దుకుంటూ పోవాలి. ఇరవైసార్లు ఆడిన లెవెల్‌లోనూ ఎప్పుడూ నిలబడని చోట నిలబడతాం. తొందర లేదు కాబట్టి ఇరుకు స్క్రీన్ ఇక్కడ అంత బాధపెట్టదు. ఆ మోడ్‌కే నేను డబ్బులిచ్చాననుకుంటాను.

లక్ష పాయింట్లు దాటితే బూ అనే దెయ్యంతో పరుగుపందెం వస్తుంది. గెలిచినకొద్దీ ఇంకో రంగు దెయ్యం, ఇంకాస్త వేగం. మా అబ్బాయికి ఇదొక్కటే నచ్చింది. మూడు లక్షలు దాటితే 1986లో జపాన్‌లో వచ్చిన రెండో మారియో కూడా తెరుచుకుంటుంది. అందులో పుట్టగొడుగు తింటే చావొచ్చు, విషపువి ఉంటాయి. దాని కష్టానికి ఈ స్క్రీన్ కూడా తోడైంది. రెండు వారాలు టెన్షన్ పడి వదిలేశాను. జపాన్‌లో వచ్చిన అసలు ఆటలోని గాలి వీచే చోట్లు, 8 తర్వాతి లోకాలు ఇందులో లేవని తెలిశాక పెద్దగా బాధ కూడా అనిపించలేదు.

సెకండ్‌హ్యాండ్‌లో కొనేవాళ్లకి ఒక మాట. సేవ్ అంతా క్యాసెట్ లోపలి చిన్న బిళ్ల బ్యాటరీ మీదే ఆధారపడి ఉంటుంది. నాది పోయిన ఏడు చచ్చింది, ఇరవై తొమ్మిది గుడ్లూ గోవిందా. దాన్ని టంకం వేసి అతికించి ఉంటారు కాబట్టి ఎలక్ట్రానిక్స్ రిపేర్ చేసేవాళ్ల దగ్గర మార్పించాను. మళ్లీ 1-1 నుంచి మొదలుపెట్టి ఇప్పటికి పదిహేడు దాకా వచ్చాను. గొయ్యిలో మాత్రం పడట్లేదు.